ఏడో కొడవలి

దస్తగిరి సారును ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కుంటారు. జవాబు ఎక్కడో బయట ఉంటుందని, దాని దగ్గరికి మనమే నడిచి వెళ్లాలని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మా ప్రాంతపు పచ్చికబీళ్లను కాపాడేందుకు ట్రస్టు పెట్టింది ఆయనే. ఆయనకు తోడు ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు పంతులమ్మలు, చదువులు ముగించి ఉద్యోగాలను ఛీకొట్టి వచ్చిన మేం నలుగురం. రాళ్ల క్వారీకి పోబోయిన నాలుగు వందల ఎకరాల బీడును ఆరేళ్లు కోర్టులో కొట్లాడి దక్కించుకున్నాం. దక్కిన నెలలోనే నిబంధన పెట్టాం: బీడులో ఎవరూ గడ్డి కోయకూడదు.

ఆ రోజు ప్రశ్న అడిగింది నేను.

ఏడాది నివేదిక రాస్తున్నాను. బీడులో నేలమీద గూడు పెట్టే పక్షుల లెక్క నా బాధ్యత. నిబంధన పెట్టకముందు ముప్పై ఎనిమిది గూళ్లు. మరుసటి ఏడు ఇరవై ఒకటి. ఈ ఏడు తొమ్మిది. కారణం అన్న చోట "దొంగకోతలు" అని రాసి కింద రెండు గీతలు గీశాను. నా వెనక గోడకు పదకొండు కొడవళ్లు వరసగా వేలాడుతున్నాయి. ఇళ్లమీద కప్పుకోవడానికి బోదగడ్డి కోస్తుంటే పట్టుకున్నవి. వాటిని నేనే పట్టుకున్నాను, నేనే మేకులు కొట్టి వేలాడదీశాను, నివేదిక అట్టమీదికి ఫొటో కూడా నేనే తీశాను.

"సారూ," అన్నాను, "ఈ జనానికి నేలను ప్రేమించడం మనం ఎప్పటికి నేర్పగలం?"

ఆయన నా నివేదిక తీసుకుని తొమ్మిది అన్న అంకె దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత చెప్పులు వేసుకున్నారు.

"ఆ కొడవళ్లలో ఒకటి తీసుకురా. ఏదైనా సరే."

చేతికి అందిన ఏడోది తీశాను.

"ఎవరిది?"

"నల్లబండ కొట్టాల సుంకమ్మది సారూ. కార్తీకంలో పట్టుకున్నా. మోపుతో సహా."

"మోపు ఏం చేశావు?"

"కొట్టాల ముందే తగలబెట్టాం. మిగతావాళ్లకు బుద్ధి వస్తుందని."

ఆయన ఇంకేమీ అడగలేదు. అప్పుడు నాకది మెచ్చుకోలుగా తోచింది.

కొట్టాల మా ఆఫీసుకు మైలు దూరం. సుంకమ్మ వాకిట్లో కూర్చుని పొయ్యిలోకి కందికట్టె విరుస్తోంది. యాభై దాటిన మనిషి. ఆమె ఇంటి కప్పు సగం నల్లబడిపోయిన పాత బోద, సగం ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ మాదే. మొన్న వేసవిలో సభ పెట్టి అక్కడే వదిలేసి వచ్చాం. "నేలతల్లికి నోరు మనమే" అని నేను రాసిన నినాదం తలకిందులుగా పడుకుని, నాలుగు మూలలా నాలుగు రాళ్లు మోస్తోంది. 

"రాండి సారూ," అని లేచింది సుంకమ్మ. నన్ను చూసి కొంగు సర్దుకుంది. "ఈ అబ్బిని గూడా ఎంటబెట్టుకొస్తిరే! ఇంట్లో ఇంగో కొడవలి లేదు నాయనా. ఆ తిరగలి ఉండాది, అది మోసుకుపోతావా?"

పక్కింటి అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇచ్చిపోదామని వచ్చినాం సుంకమ్మా," అన్నారు సారు. "కోయొద్దని కాగితం రాసినాం చూడు, దానిమీద మొదటి సంతకం నాదే."

"మీ సంతకం సంగతి నాకేం తెలుసు సారూ. కోర్టు కాగితాల మీద నా ఏలిముద్ర మాత్రం నాలుగుసార్లు ఏయించుకుంటిరి. క్వారీ వాళ్లొస్తే బీడు పోతాదంటిరి, సరేనని ఏస్తిమి. ఆ సిరా వారం దినాలు పోలేదు. అన్నం తింటాంటే అదే వాసన."

సారు తల దించుకున్నారు. నేను దించుకోలేదు. చట్టపరమైన ప్రక్రియ గురించి ఏదో చెప్పబోయాను కూడా. ఆయన నా మోచేయి పట్టుకుని ఆపారు.

"ఒక మోపు కోసుకో తల్లీ, ఇప్పుడే. మేమూ వస్తాం. ఈ పిల్లోడు కోత ఎప్పుడూ చూడలేదు."

"చూడలేదా?" అంది సుంకమ్మ. "మరి ఏం చూసి పట్టుకున్న్యాడు సారూ?"

బీడు అంచున ఒక బండమీద కొడవలిని నాలుగుసార్లు సానపట్టి తుప్పు వదిలించింది. గడ్డిలోకి దిగగానే కోత మొదలుపెట్టలేదు. కొడవలి వెనకవైపుతో గడ్డిని అటూ ఇటూ తట్టింది. కాసేపు ఆగింది. ఏదో సన్నగా సరసరా పాకి వెళ్లిపోయింది. అప్పుడు వంగింది. ఎడమ చేత్తో పిడికెడు బోద ఒడిసి పట్టడం, కుడి చెయ్యి ఒక్కసారి వెనక్కి లాగడం, కోసినదాన్ని పక్కకు పరచడం, అంతా ఒకే కదలికలా ఉంది. పదడుగులు కోసి, ఒక దుబ్బు దగ్గరికి వచ్చేసరికి దాన్ని అలాగే వదిలేసి పక్కకు జరిగింది. మళ్లీ కొంత దూరం కోసి ఇంకో దుబ్బు వదిలేసింది.

నేను సారు చెవిలో అన్నాను: "చూశారా? ఎప్పుడూ ఇంతే. ఎవరైనా వస్తారేమోనని భయం, హడావుడిగా అక్కడక్కడా వదిలేస్తారు. దొంగకోతను గుర్తుపట్టేది ఇలాగే. నివేదికలో రాశాను."

"ఆమెనే అడుగు," అన్నారు సారు.

అడిగాను. గొంతులో పోలీసు ఉన్నాడు, ఒప్పుకుంటున్నాను.

సుంకమ్మ నడుము ఎత్తకుండానే చెప్పింది. "అది కోసేది కాదబ్బీ. కముజుపిట్టకు."

"ఏ పిట్టకు?"

"ఎండాకాలం నేలమీదనే గుడ్లు పెట్టాల గదా అది. అప్పటికి బీడంతా బోడిగుండైతాది. దుబ్బు ఉంటే దాని అడుగున దూరుకుంటాది. మా అత్త ఇట్లే ఇడిసేది, నేనూ ఇడుస్తా."

"అలాంటప్పుడు మొత్తం వదిలేస్తే ఇంకా మంచిది కదా!" వాదనలో గెలిచాననుకున్నాను.

ఆమె ఇప్పుడు నడుము ఎత్తింది. కోయని వైపు చూపించింది. రెండేళ్లుగా మేం కాపాడిన వైపు. గడ్డి రొమ్మెత్తు పెరిగి, కిందిది కుళ్లి, పైది ఎండి, చాపలా అల్లుకుపోయి ఉంది.

"దాంట్లో నువ్వు నడుస్తావా నాయనా? నువ్వే నడవలేవు. గుడ్డులోంచి లేసిన పిల్ల, ఇంతుంటాది," బొటనవేలు చూపించింది, "అది యాడ పరిగెత్తాల? పాముకు బువ్వయితాది. పోయిన ఏడాదే పిట్ట అరుపు తగ్గిపాయ. మీకు ఇనపడలేదా? రోజూ ఈడనే ఉంటారే."

నాకు వినపడలేదు. నేను లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది గూళ్ల ఏడాది నేను రాసిన రిజిస్టరు కళ్లముందు నిలబడింది. "గూడు ఎక్కడ దొరికింది" అన్న గడిలో, పై నుంచి కింది దాకా, నా దస్తూరీతోనే, ఒకటే మాట: దుబ్బు అడుగున. దుబ్బు అడుగున. దుబ్బు అడుగున. ఆ దుబ్బులను అక్కడ ఎవరు నిలబెట్టారని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఆ నిలబెట్టిన వాళ్ల చేతుల్లోంచే కొడవళ్లు లాక్కుని, గూళ్లు ఎందుకు తగ్గాయని వాళ్లనే దోషులను చేశాను. జనం పక్షాన నిలబడాలని ఎక్కడెక్కడి పుస్తకాలో చదివి వచ్చినవాణ్ణి నేను. జనం ఎదురైనప్పుడు మోపు తగలబెట్టాను.

సారు వైపు చూడలేకపోయాను. ఆయనా నా వైపు చూడటం లేదు.

సుంకమ్మ మోపు కట్టింది. కొడవలిని కొంగుతో తుడుస్తుంటే ఏదో చేతికి గుచ్చుకుంది. పిడి చివర ఇనుపతీగతో కట్టిన చీటీ. తడవకుండా ప్లాస్టిక్ కాగితం వేయించి నేనే కట్టాను. పదకొండింటికీ కట్టాను.

"ఇదేంది అబ్బీ, పిడికి కట్టినావు? నాకు చదువు రాదు. ఏం రాసినావో చెప్పు."

చీటీ మీద నేను రాసింది ఇది: "నేలకు శత్రువు. దొంగ: సుంకమ్మ, నల్లబండ కొట్టాల."

ఆమె ఎదురుచూస్తోంది.

"సుంకమ్మ," అని చదివాను. "నల్లబండ కొట్టాల."

"అంతేనా? ఇంకా శానా గీతలున్నాయే?"

"తేదీ," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "రేషను కార్డులో నా పేరు సుక్కమ్మ అని రాసి చచ్చినారు. ఎన్నిసార్లు తిరిగినా మార్చలేదు. నువ్వన్నా సరిగ్గా రాసినావు."

నేను చెయ్యి చాచి తీగ విప్పబోయాను. "అది అడ్డం సుంకమ్మా, గుచ్చుకుంటుంది. తీసేస్తా, ఇటివ్వు."

"వద్దు, ఉండనీ." కొడవలిని చటుక్కున వెనక్కి లాక్కుంది. తీగను తానే మెలిపెట్టి, చీటీ పైకి కనపడేటట్టు తిప్పి బిగించింది. "కోతకాలంలో కొడవళ్లు మారిపోతాంటాయి. పేరుంటే ఎవురూ ఎత్తుకపోరు." మోపు తలకెత్తుకుంది. నేను సాయం పట్టబోతే, "నీకు చాతకాదులే నాయనా, మెడ పట్టుకుంటాది" అని నవ్వి వెళ్లిపోయింది. ఆమె నడుమున దోపుకున్న కొడవలికి ఆ చీటీ ఊగుతూ పోయింది.

తిరుగుదారిలో సారు నాకంటే నాలుగు అడుగులు ముందు నడిచారు. ఆయనకు చదువు వచ్చు. నేను చీటీ చదివినప్పుడు ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. నేను నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను: ఆమె మనసు నొప్పించకూడదనే అలా చదివాను. ఎండలో అంతసేపు వంగి పనిచేసిన మనిషి, ఆ సమయంలో ఆ మాట ఎలా చెబుతాం? గోడల మీద నిజం గురించి నేను రాసిన నినాదాల్లో ఒక్కటీ ఆ క్షణాన సాయానికి రాలేదు. వచ్చి ఉంటే నేను దాన్ని కూడా వాడుకునేవాణ్ణేమో.

సగం దూరం వచ్చాక నోరు తెరిచాను.

"రేపు పొద్దున్నే వెళ్తాను సారూ. కొత్త కొడవలి ఒకటి కొని ఇచ్చి, దాన్ని వెనక్కి తీసుకుంటాను. ఆమెకు తెలియాల్సిన పని లేకుండా సర్దేస్తాను. మిగతా పది చీటీలు ఇప్పుడే చించేస్తాను."

దస్తగిరి సారు ఆగారు. దారి పక్కన ఒక బండ చూసుకుని, దాని మీద మెల్లగా కూర్చున్నారు. ముఖం మాత్రం దారికి ఎడంగా బీడు వైపు తిప్పుకున్నారు, నేను ఎటు నడిచినా తనకు కనపడకూడదన్నట్టు.

"సుంకమ్మ కోడలు పత్తి తీతకు పోయింది," అన్నారు. "పొద్దు వాలకముందే ఇంటికొస్తుంది. పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల."