కదలని గుడ్లు

"జాజూ! ఒసే జాజూ! కూడు చల్లారిపోతంది, రాయే!"

పైడమ్మ పెరటి గడప మీద నిలబడి, చెరకు తోటల వైపు తిరిగి పిలుస్తోంది. చేతిలో గంజి కలిపిన అన్నంతో మట్టి మూకుడు ఉంది. పొద్దు వాలుతోంది. ఆ పిలుపు చెరకు పూత మీదుగా మెల్లగా సాగి, ఎక్కడో ఏటి గట్టు దాకా పోయి, అక్కడే వాలిపోయినట్టయింది. మెట్టు దగ్గర పడుకున్న ముసలి కుక్క నల్లడు ఒకసారి తల ఎత్తింది. తన పేరు కాదని తెలుసుకుని మళ్లీ ముందుకాళ్ల మీద తల ఆన్చుకుంది.

గాజులమ్మే అసిరయ్య భుజం మీది మలారం అరుగు మీద దించి, ఆ తల్లిని చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఆమె పెనిమిటి సూరన్నగారు అతనికి గురువు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికొచ్చి తత్వాలు విని వెళతారు. ఈసారి మాత్రం అసిరయ్య తత్వం వినడానికి రాలేదు. ఏటి అవతల గుమ్మడివలసలో పైడమ్మ చెల్లెలు మంచం పట్టి ఉంది. గాజులమ్ముకుంటూ ఆ వీధికి వెళ్లినప్పుడు ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని, "మా అక్కను ఒక్కసారి తీసుకురా నాయనా, కళ్లారా చూసుకుని పోతాను" అంది. ఆ చేతులకు గాజులు వదులైపోయి మోచేతుల దాకా జారుతున్నాయి. ఆ కబురు చెప్పడానికి అతను రావడం ఇది మూడోసారి.

"ఎల్తాను బాబూ, ఎల్లకుండా ఉంటానా? ఒక్కగానొక్క చెల్లి" అంది పైడమ్మ, మూకుడు కింద పెడుతూ. "కానీ నేనటు ఎల్లిన నాడే జాజు ఒచ్చిందనుకో. చూలుతో ఉండగా పోయింది కదా, ఎక్కడో ఈనుంటాది. పిల్లలకి నడక రాగానే ఏసుకుని ఒస్తాది. గడపలో నేను కనపడకపోతే మళ్లీ ఎలిపోదేటి?"

"అయ్యగారుంటారు కదమ్మా, పిలవడానికి."

"ఆయనా! మనుషులు పిలిస్తేనే పలకరు, ఇంక కుక్కను పిలుస్తారా!" అని నవ్వబోయింది. ఆ నవ్వు పెదాల దాకా రాకుండానే ఆగిపోయింది.

జాజు రంగున్న ఆ కుక్క కనబడకుండా పోయి నాలుగు నెలలయింది. అప్పట్లో రోజుకొక కోడిపిల్ల మాయమవుతుండేది. ఊళ్లో వాళ్లు కుక్క పనే అన్నారు. పైడమ్మ ఒప్పుకోలేదు. కుక్క పోయాక కూడా పిల్లలు తగ్గుతూనే వచ్చాయి. చివరికి గడ్డిమేటు కింద ముంగిస దొరికింది. "అదుంటే ముంగిస ఈ పెరట్లో అడుగు పెట్టేదా?" అని ఆనాడు పైడమ్మ ఏడ్చింది. సూరన్నగారు ఆ మాటకు ఏమీ అనలేదు. ఆ పూట అన్నం కూడా తినలేదు. గురువుగారి మౌనం లోతైనదని శిష్యులు ఒకరికొకరు చెప్పుకున్నారు.

అసిరయ్య పశువుల పాక దగ్గరికి వెళ్లాడు. గురువుగారు ఆవుదూడకు తాడు పేనుతున్నారు.

"అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఆశ ఎలా తెగుతుంది? మీ తత్వాలన్నిట్లో ఉన్నదదే కదా. మరి మీ ఇంట్లోనే అమ్మ ఒక కుక్క కోసం చావుబతుకుల్లో ఉన్న చెల్లెల్ని చూడకుండా ఆగిపోయింది. రేపో ఎల్లుండో ఆ చెల్లి పోతే, ఈ తల్లి జన్మంతా కుమిలిపోదా? మీరొక్క మాట చెప్పలేరా?"

ఎవరేమడిగినా ముందు ఏదో ఒక పని చెప్పడం సూరన్నగారికి అలవాటు. ఆయన తాడు పక్కన పెట్టి, "పొయ్యి మీద నీళ్లున్నాయి. చన్నీళ్లు కలిపి, చెయ్యి పెడితే ఓర్చుకునేలా చేసి, బేసినులో పట్రా" అన్నారు.

పాక మూల పగిలిన కుండలో ఊక పోసి, ఒక చుక్కల పెట్టను గుడ్లు పొదగడానికి కూర్చోబెట్టారు. ఇరవై ఒక్క రోజులకు పిల్లలవ్వాలి. ఇది ముప్ఫై ఒకటో రోజు. నెత్తి మీది తురాయి ఎర్రదనం పోయి పాలిపోయింది. ఎదురుగా నూకలు చల్లినా లేవడం లేదు. సూరన్నగారు రెండు చేతులా దాన్ని ఎత్తారు. అది ఆయన మణికట్టును రక్తం వచ్చేలా పొడిచింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పొదుగు రోజులు నిండాక గుడ్లను గోరువెచ్చని నీళ్లలో వదిలి చూడడం ఆ వైపు ఆనవాయితీ. లోపల ప్రాణముంటే గుడ్డు తేలుతూనే చిన్నగా ఉలికిపడుతుంది, ఎవరో లోపలి నుంచి తలుపు తట్టినట్టు. సూరన్నగారు తొమ్మిది గుడ్లనూ ఒక్కొక్కటే నీళ్లలో వదిలారు. అలలు తగ్గేదాకా ఆగారు. అసిరయ్య బేసిను మీదికి వంగి చూశాడు. నీళ్ల మీద సాయంకాలపు వెలుతురు కదిలింది గాని, గుడ్లలో ఒక్కటీ కదలలేదు.

ఈలోగా పైడమ్మ వెనక వచ్చి నిలబడింది. "పది రోజుల కిందే చూడమన్నాను, వింటేనా! రేపు చూద్దాం, రేపు చూద్దాం అన్నారు ఈయన. ఇదేమో తిండి మానేసి శల్యమైపోయింది" అంది.

గంప కింద మూసిన పెట్ట ఆ ఖాళీ కుండ వైపే చూస్తూ గొణుగుతోంది. అసిరయ్య గంప సందులోంచి దానికి నాలుగు నూకలు వేశాడు.

"పాపం, దీని తప్పేటుందయ్యా. అడుగున గుడ్లున్నంతసేపూ కూచుంటాది. మురిగిపోయాయని తెలిసినోళ్లు తీసెయ్యాలి గాని."

మామూలుగానే అన్నాడు. కాని గురువుగారి చెయ్యి నీళ్లలోనే ఉండిపోవడం చూసి కంగారుపడ్డాడు.

"మళ్లీ చెప్పు" అన్నారు సూరన్నగారు.

"ఏటయ్యా?"

"ఇప్పుడన్న మాటే."

"తెలిసినోళ్లు తియ్యాలన్నానయ్యా" అన్నాడు అసిరయ్య భయంగా.

సూరన్నగారు చెయ్యి తుడుచుకోలేదు. ఇన్నేళ్లుగా ఎందరో తన కాళ్లకు మొక్కిన మనిషి, కోళ్ల రెట్టలున్న ఆ నేల మీద భార్య ఎదుట గొంతుక్కూచున్నారు. ఆమె ఏమిటన్నట్టు చూసింది.

"పైడీ, రేపు తెల్లారగానే పడవ రేవు దాకా బండి కట్టిస్తాను. నీ చెల్లి దగ్గరికెళ్లు."

"మరి జాజు ఒస్తే..."

"రాదు."

"మీకెలా తెలుసు?"

ఏ తత్వానికీ తడుముకోని ఆ గొంతు అంత చిన్నదైపోవడం అసిరయ్య ఎన్నడూ వినలేదు.

"కోడిపిల్లల్ని తింటున్నది అదే అనుకున్నానే. నువ్వు సంతకెళ్లిన నాడు గోనెలో కట్టి, పడవలో ఏరు దాటించి, అక్కడ వదిలేశాను. తిరిగొస్తుంటే పడవ వెనకాల చాలా దూరం ఈదింది. ఆ తర్వాత నీళ్ల మీద దాని తల కనబడలేదు."