అద్దకం కార్ఖానా మురుగు

వీరగిరి రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. కొత్తగా కార్ఖానా పెట్టేవాడు నీళ్లు ఎక్కడినుంచి తెస్తాడో, మురుగు ఎక్కడికి వదులుతాడో ముందు సభలో చెప్పాలి.

దండనాయకుడి బావమరిది కామప్ప అద్దకం కార్ఖానా పెట్టబోయాడు. "వాగు నీళ్లు తోడుకుంటాం ప్రభూ. మురుగు కాస్త కింద మళ్లీ వాగులోకే వదులుతాం. పారే నీటికి దోషం ఉండదు," అన్నాడు. రాజు సరేనన్నాడు.

వాగు దిగువనున్న చింతలపాడు నుంచి వచ్చిన గొర్రెల కాపరి గురివి చేతులు జోడించింది.

"ఒక్క మనవి దొరా. మురుగు పైన వదిలి, కార్ఖానాకు నీళ్లు కిందనుంచి తోడుకోమనండి. పారే నీరేగా!"

"అమ్మో! ఆ నీళ్లలో అద్దితే బట్ట పాడైపోతుంది," అన్నాడు కామప్ప కంగారుగా.

"బట్టే పాడైపోతే, తాగే మా బిడ్డల గతేమిటి దొరా?"

చింతలపాడు నీళ్లలో చుక్క మురుగు కలవకూడదని రాజు ఆజ్ఞాపించాడు. గురివికి పట్టుచీర పెట్టి పంపాడు.

కామప్ప ఆజ్ఞ మీరలేదు. పొడుగ్గా కాలువ తవ్వించి, చింతలపాడు దాటాక మురుగును వాగులో కలిపాడు. ఆ కిందనే ఎర్రవల్లి ఉంది.

సంగతి తెలిసి గురివి మళ్లీ కోటకు పరుగెత్తింది. వాకిట్లో కొత్త భటుడు ఈటె అడ్డం పెట్టాడు.

"మీ ఊరి నీళ్లు బాగానే ఉన్నాయిగా, ఇంకేం కావాలి?"

"పోనీ, ఎర్రవల్లివాళ్లు వస్తే లోపలికి పంపుతావా అయ్యా?"

భటుడు తల దించుకున్నాడు. "నిన్ను పంపినందుకే నా ముందున్నవాడి కొలువు ఊడిందమ్మా."