మూటలో మేత

మూడేళ్ళుగా మౌలాలి ప్రతి గురువారం, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి పల్లెకు వెళ్ళి మంచిమాటలు చెబుతున్నాడు. జనం వస్తారు. వలలు బాగుచేసుకుంటూ రెండు గంటలు వింటారు. "బాగా చెప్పావు బాబూ" అని ఇసుక దులుపుకుని లేచిపోతారు. ఒక్కరంటే ఒక్కరు కూడా అతని గురువు దస్తగిరి బాబా గుడిసె దాకా వచ్చింది లేదు.

ఓ శనివారం పొద్దున్నే అతను విసిగిపోయి బాబా ముందు కూలబడ్డాడు.

"ఇక నావల్ల కాదు బాబా. వాళ్ళకు చెప్పడం, గోడకు చెప్పడం ఒకటే. వచ్చే వారం నుంచి వెళ్ళను."

దస్తగిరి బాబా ఫకీరే గానీ ఎవరి ముందూ చెయ్యి చాచడు. చిన్న పడవ మీద సముద్రంలోకి పోయి, గాలంతో చేపలు పట్టి బతుకుతాడు. ఆయన రోలు చూపించాడు. అందులో మెత్తబడిన కవళ్ళ చేపలు, నాలుగు గుప్పిళ్ళ తవుడు, కాస్త చేపనూనె ఉన్నాయి.

"దంచు. నీళ్ళలో చల్లి చేపల్ని పిలిచే మేత ఇది."

ఆ కంపుకు మౌలాలి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఊపిరి బిగబట్టి దంచాడు.

"చాలా బాబా?"

"ఇంకా."

"నేను చెప్పింది అసలు విన్నారా?"

"విన్నాను. ఇంకాస్త మెత్తగా."

పడవలో మొగ దాటి లంగరు వేశాక బాబా ఎర గుచ్చి రెండు గాలాలు వదిలి, మేత కుండ అతని ముందు పెట్టాడు. "చల్లు" అన్నాడు.

మౌలాలి దోసిళ్ళకొద్దీ విసిరాడు. నీళ్ళు కుతకుతలాడాయి. చేపలు తెల్లగా మెరుస్తూ ఎగబడ్డాయి. అతని మొహం విచ్చుకుంది. ఇంకా విసిరాడు. కాసేపటికి నీళ్ళు సద్దుమణిగాయి. ఒక్క గాలమూ కదల్లేదు.

"మెక్కి పోయాయి" అన్నాడు ఒళ్ళు మండి. "రెక్కలు పడిపోయేలా దంచానే. ఇవీ ఆ పల్లె జనం లాంటివే."

బాబా కుండ అడుగు గోకి, వచ్చిన కాస్త మేతనూ పాతగుడ్డలో గట్టిగా మూటకట్టి, తాడుతో పడవ పక్కన నీళ్ళలోకి దించాడు. సన్నటి నూనెతెర నీటివాలు వెంట సాగిపోయింది.

"ఇందులో వాటికి తినడానికేముంది బాబా? ఉత్త వాసనేగా."

"అంతే."

ఎండ నెత్తికెక్కింది. మౌలాలి మూడుసార్లు నిట్టూర్చాడు. చాలాసేపటికి మూట దగ్గర ఓ నీడ తచ్చాడింది. గాలం తాడు సర్రున బిగిసింది. పడవ ఒరిగింది.

మూరెడు పొడవు పండుగప్ప.

దాన్ని పైకి లాగి, చెయ్యి కడుక్కుంటూ బాబా అన్నాడు: "ఆకలి తీర్చడం మన పని కాదు నాయనా."

ఆ గురువారం మౌలాలి పల్లెలో ఓ కథ ఎత్తుకుని, సగంలో ఆపి, చెప్పులు తొడుక్కున్నాడు. జనం మొహమొహాలు చూసుకున్నారు.

ఊరు దాటుతుంటే వెనక అడుగుల చప్పుడు. చేపలమ్మే నాంచారమ్మ, గంప నెత్తినే ఉంది.

"ఏం మనిషివయ్యా? తర్వాత ఏమైందో చెప్పకుండా పోతావా?"

మౌలాలి నాలుక దురదపెట్టింది. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని, బాబా గుడిసె వైపు నడిచాడు.

ఆమె గొణుక్కుంటూ వెనకే వస్తోంది.