వానను పిలిచిన ఎర్రగుడ్డ

సముద్రానికీ ఊరికీ మధ్య ఉప్పుమడులు పరుచుకున్న తెల్లదిబ్బలో దాలయ్య అనే ఉప్పు రైతు ఉండేవాడు. అతనికి అన్నీ చేతనవునుగానీ "నాకు తెలియదు" అనడం మాత్రం చేతకాదు.

ఊళ్లో ఆవు చూలు నిలవకపోయినా, బావినీళ్లు రంగు మారినా, ఎవరి పిల్లకైనా జ్వరం దిగకపోయినా దాలయ్య దగ్గర కారణం సిద్ధంగా ఉండేది. ఆ కారణానికి ఎప్పుడూ ఒక మనిషి ముఖం ఉండేది. ఇవన్నీ ఊరికే జరుగుతాయా అనేవాడు. లోకంలో ఊరికే జరిగేవే ఎక్కువ అని భార్య తవిటమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని తన పనికి తాను వెళ్లిపోయేది.

ఉప్పుమడుల్లో బతికేవాడికి లేనిది కనిపించడం వింత కాదు. మిట్టమధ్యాహ్నం ఆ మడుల మధ్య నిలబడితే పైన ఒక ఆకాశం, కాళ్ల కింద ఇంకో ఆకాశం. గట్టు మీద నడిచే మనిషి మబ్బుల్లో నడుస్తున్నట్టుంటాడు. దూరాన తాటిచెట్లు నేలను వదిలేసి గాలిలో వేలాడతాయి. లేని పడవలు వస్తాయి, ఉన్న గట్లు కరిగిపోతాయి. ఉప్పురాశులు రెక్కలు ముడుచుకున్న కొంగల్లా కునుకు తీస్తుంటాయి. కళ్లు చిట్లించి చూసేకొద్దీ ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుంది. దాలయ్యకు అలా చూస్తూ కూర్చోవడం మహా ఇష్టం. ఆ సమయంలో తవిటమ్మ ఉప్పు మోస్తూ ఉండేది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఉప్పు పండే నెలల్లో ఎవరూ 'వాన' అనే మాట పలకరు. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుందని భయం. తప్పనిసరైతే 'అది' అనేవారు. పిల్లలు మరిచిపోయి వానపాట ఎత్తుకుంటే మూతిమీద ఒక్కటిచ్చేవారు.

అలాంటి ఊళ్లో దమయంతి ఉండేది. మొగుడి చేతి దెబ్బలు తిని తిని, ఒకనాడు ఇక చాలనుకుని పుట్టింటికి వచ్చేసింది. పుట్టింట్లో మనుషులెవరూ మిగల్లేదు. తలుపు తాళం పగలగొట్టి ఒంటరిగా కాపురం పెట్టుకుంది. మండలాఫీసు వాళ్లు వాన కొలిచే రేకుగొట్టం ఒకటి తెచ్చి, ఎవరి పెరట్లో పాతమంటారని అడిగినప్పుడు ఊళ్లో మగవాళ్లంతా దాన్ని పాముపిల్లను చూసినట్టు చూశారు. దమయంతి మా పెరట్లో పాతండి అంది. అప్పటినుంచి, వాన సూచన ఉందని ఫోనులో కబురు రాగానే ఆమె ఇంటికప్పు మీద వెదురుగడకు ఎర్రగుడ్డ కట్టేది. ఉప్పునీళ్లలో పనిచేసేవాళ్లు ఫోన్లు దగ్గర పెట్టుకోరు కాబట్టి ఎంత దూరానికైనా కనబడేలా ఆ గుడ్డ. అది కనబడితే రాశుల మీద తాటాకులు కప్పుకోవాలి. అంతకుమించి అందులో మాయా లేదు, మర్మమూ లేదు.

ఆ ఏడు ఉప్పు బాగా పండింది. ఒక మధ్యాహ్నం దమయంతి ఇంటి మీద గుడ్డ ఎగిరింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. తవిటమ్మ రొప్పుతూ వచ్చి రాశి కప్పుదాం లేవమంది. పాకలో పడుకున్న దాలయ్య ఒక కన్ను తెరిచి ఎండను చూశాడు.

"ఆ ఆడది గుడ్డ కడితే అది వచ్చేస్తుందేటి?" అని అటు తిరిగి పడుకున్నాడు.

చాలా పాకల్లో చాలామంది మొగుళ్లు ఆ మాటే అన్నారు. పొద్దు వాలేసరికి వాన వచ్చింది. తవిటమ్మ ఒక్కతీ మోయగలిగినన్ని ఆకులు మోసి సగం రాశిని నిలబెట్టింది. మిగతా సగం నీళ్లయి కాలువ దారి పట్టింది.

మర్నాడు సుగ్రీవులు టీకొట్టు దగ్గర బల్లల మీద మగవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. నీ రాశి ఎలా పోయిందని ఎవరో దాలయ్యను అడిగారు. నిద్రపోయానని చెప్పాలి. లేదా, ఎందుకొచ్చిందో తెలియదనాలి. రెండూ అతని నోటికి రాలేదు. తలెత్తి చూస్తే దమయంతి ఇంటి మీద ఎర్రగుడ్డ తడిసి గడను అంటిపెట్టుకుని ఉంది.

"గుడ్డ ఎత్తాకే కదా అది వచ్చింది" అన్నాడు నెమ్మదిగా. "ఎత్తకముందు వచ్చిందా?"

 అందరూ తలలెత్తారు. సుగ్రీవులు అడక్కుండానే ఇంకో టీ పోశాడు. దాలయ్య మాట కోసం అంతమంది ఊపిరి బిగబట్టడం అతని బతుకులో అదే మొదటిసారి. అతనికి ఒళ్లంతా తేలికైంది.

ఆ తర్వాత అతను పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. తలా ఒక పుల్ల తెచ్చి గూడు కట్టారు. ఉప్పుమడులు కొని రొయ్యల చెరువులు తవ్వాలని ఎవరో తిరుగుతున్నారని, ఉప్పు కరిగితే మడులు చవగ్గా దొరుకుతాయని ఒకరు గుర్తుచేశారు. దమయంతి ఇంటి ముందు తెల్లవ్యాను ఆగడం తాను చూశానని ఇంకొకరు చెప్పారు. ఆ వ్యానువాడు దాహమేసి మంచినీళ్లు అడిగాడన్న సంగతి ఎవరికీ అక్కర్లేదు. రేకుగొట్టం మబ్బుల్ని లాగే యంత్రమని తేలింది. మొగుణ్ణి వదిలేసినది దేనికైనా తెగిస్తుందనేసరికి ఇక రుజువుతో పని లేకుండా పోయింది. ఊరికి ఏ కీడు వచ్చినా ముందుగా దానికో చీర కట్టి చూడటం మన పెద్దలు నేర్పిన పాత విద్య. ఆ బల్లల మీద ఆడవాళ్లు కూర్చోరు కాబట్టి, గుడ్డ చూసి మొగుళ్లను లేపినవాళ్లెవరూ అక్కడ లేరు.

దాలయ్యకు ఆ రోజులు కలలో గడిచినట్టు గడిచాయి. గట్టుమీద కూర్చుంటే, వేలాడే తాటిచెట్ల వెనక వ్యాన్లు కదిలేవి. మబ్బుల వెనక ఎవరో తాళ్లు లాగుతున్నట్టుండేది. లోకం ఇన్నాళ్లూ చిందరవందరగా ఉండేది. ఇప్పుడు ప్రతి ముక్కా దాని చోట కూర్చుంది. వాన వెనక దమయంతి, దమయంతి వెనక వ్యాను, వ్యాను వెనక రొయ్యల చెరువులు. వాటి వెనక పాకలో పడుకుని నిద్రపోయిన దాలయ్య మాత్రం ఎక్కడా లేడు. అతనికి హాయిగా నిద్రపట్టేది.

ఒకరోజు మగవాళ్లంతా కలిసి దమయంతి ఇంటికి వెళ్లారు. ముందు దాలయ్య నడిచాడు. గుడ్డ దించెయ్యమన్నాడు. దమయంతి చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తింది.

"బాబాయ్, కోడి కూసిందని తెల్లారుతుందా, తెల్లారుతోందని కోడి కూస్తుందా?"

"కోడి ఇంటికి వ్యాను రాదు కదా" అన్నాడు దాలయ్య.

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే నిచ్చెన వేసి గుడ్డ దించారు. రేకుగొట్టం పీకి కాలువలో పడేశారు. గుడ్డను సుగ్రీవులు బల్లలు తుడుచుకోవడానికి పట్టుకుపోయాడు. ఇకమీద 'దాని' ఊసెత్తితే ఊళ్లో ఉండనివ్వమని చెప్పి వచ్చారు.

తవిటమ్మ ఈ సంగతి విని తట్ట అందుకుంది. తను కాపాడిన సగానికి కొత్తగా తీసిన ఉప్పు కలిపి పెద్ద రాశి పోసింది. మళ్లీ ఉప్పు పండేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ రాశే దిక్కు. ఆ మాట ఆమె మొగుడికి చెప్పింది కూడా. దాలయ్య తలూపాడు.

ఉప్పు కాలం ముగిసే ముందు ఒక ఉదయం సముద్రం మీద గాలి ఆగిపోయింది. మడుల్లో నీళ్లు అద్దంలా నిలిచాయి. ఎండ తెల్లగా, మెత్తగా, పాలలో ముంచి తీసినట్టుంది. ఆ తెలుపులోంచి గట్టు మీద ఒక ఆకారం వస్తోంది. కాళ్లు నేలకు ఆనుతున్నట్టు లేవు. దగ్గరికి వచ్చాక చూస్తే అది దమయంతి. ఆమె దాలయ్యను దాటుకుని తిన్నగా తవిటమ్మ దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, కబురొచ్చింది. కప్పుకోండి" అంది.

తవిటమ్మ తట్ట దించి తాటాకుల మోపు అందుకుంది. పక్కమడుల్లో మగవాళ్లు పనులాపి ఇటే చూస్తున్నారు. వాళ్ల కళ్లన్నీ తన వీపుకు అంటుకున్నట్టు దాలయ్యకు తెలిసింది. రాశి కప్పితే ఇన్నాళ్లూ చెప్పినది అబద్ధమని ఒప్పుకున్నట్టే. టీకొట్టు దగ్గర మళ్లీ ఎవరూ తన వైపు తలెత్తి చూడరు. ఒక్క క్షణం అతను ఆకాశాన్ని చూశాడు. తూర్పున ఏదో మసకగా ఉన్నట్టే ఉంది. అతని చేయి మాత్రం ఆకు మీద పడింది. తవిటమ్మ కప్పిన ఆకుల్ని ఒక్కొక్కటే పీకి మడిలోకి విసిరాడు.

"చూశారా, మళ్లీ పిలవడానికి వచ్చింది" అని పక్కమడులకు వినబడేలా అన్నాడు.

తవిటమ్మ అతని చేయి పట్టుకుంది. "ఏడాది తిండి మావా" అంది. అతను విదిలించుకున్నాడు. ఆమె కప్పుతూనే ఉంది, అతను పీకుతూనే ఉన్నాడు. ఎండ అలాగే కాస్తుండగా తొలి చినుకు రాశి నెత్తిన పడి చిన్న గుంట చేసింది.

ఆ వాన గాలీ ఉరుమూ లేకుండా, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు కురిసింది. తెల్లటి రాశి చప్పుడు చేయకుండా భుజాలు దించింది, నడుం వంచింది, నేలను ఆనుకుంది. పీకి విసిరిన తాటాకులు పడవల్లా చుట్టూ తిరిగాయి. చూస్తూ ఉండగానే మడిలో రాశి లేదు, ఆకాశం మాత్రం ఉంది. దాలయ్య మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చూశాడు. కళ్లు చిట్లించి చూశాడు. ఈసారి ఎవరూ కనబడలేదు. గుడ్డ లేదు, గొట్టం లేదు, వ్యాను లేదు. తాటాకులు గీరిన తన రెండు చేతులే కనబడ్డాయి.

"ఈపాలి ఏటి తెచ్చింది మావా?" అని అడిగింది తవిటమ్మ. కోపం కూడా లేదు ఆ గొంతులో. 

వాన వెలిశాక దాలయ్య టీకొట్టు దగ్గరికి వెళ్లేసరికి అక్కడ జవాబు తయారై ఉంది. గుడ్డ లేకపోయినా వచ్చిందంటే, గుడ్డ పీకినందుకు పగబట్టి ఇంట్లోంచే ఫోనులో పిలిచిందన్నమాట. గట్టు మీదికి వచ్చింది రాశుల్ని గురి చూసుకోవడానికేనట. ఆ పూటే దమయంతిని ఊరు దాటించాలని నిర్ణయమైపోయింది. దాలన్నే ముందుండాలని సుగ్రీవులు టీ గ్లాసు చేతికిచ్చాడు.

దాలయ్య వాళ్ల ముఖాలు చూశాడు. అన్నీ పోగొట్టుకున్న ఆ ముఖాల్లో ఒక వెలుగుంది. ఆ వెలుగు తను వెలిగించినదే. అది ఎంత వెచ్చగా ఉంటుందో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. గ్లాసు బల్లమీద పెట్టాడు.

"గుడ్డ లేదు, గొట్టమూ లేదు, అయినా వచ్చింది" అన్నాడు. "ఎందుకొచ్చిందో నాకు తెలీదు. రాశి మీద ఆకులు పీకింది మాత్రం నేనే. మొదటిసారి నిద్రపోయిందీ నేనే."

 ఒకడు గొంతు సవరించుకుని, నీ పెళ్లాం గట్టు మీద ఆవిడతో మంతనాలాడిందట కదా అన్నాడు. దాలయ్య ఇంటి ముందు కూడా తెల్లవ్యాను ఆగడం తాను చూశానని ఇంకొకడు అన్నాడు. చెరువులవాళ్లు ఇతన్ని కూడా కొనేశారని మూడోవాడు నిట్టూర్చాడు. ఎప్పటినుంచో అనుమానంగానే ఉందని సుగ్రీవులు గ్లాసు తీసేశాడు. తను కట్టిన గూట్లో తనకే గది కట్టి ఇచ్చారని దాలయ్యకు అర్థమైంది. వాదించలేదు. లేచి దమయంతి ఇంటివైపు పరుగుతో సమానంగా నడిచాడు.

మగవాళ్లు ఇటే వస్తారని ముందే ఊహించి, ఇంటి అరుగు మీద అప్పటికే తవిటమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన మడుల్లో ఉప్పు మోసే ఆడవాళ్లు, తడిచీరలతో, ఒడిలో ఖాళీ తట్టలతో కూర్చున్నారు. దమయంతి గుమ్మంలో నిలబడి ఉంది. దాలయ్య అరుగు చివర చోటు చూసుకుని కూర్చోబోతే ఎవరూ జరగలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

మగవాళ్ల గుంపు వచ్చి ఆగింది. తవిటమ్మ లేచి నిలబడింది.

"ఊరికి కీడు చేసినవాళ్లని ఎల్లగొట్టాల్సిందే" అంది. "గుడ్డ చూసి లేవనోళ్లు ఎందరో చెయ్యెత్తండి. కప్పిన ఆకులు పీకినోడు మా ఇంటాయనే, అదిగో, ముందు ఆయనతో మొదలెట్టండి. తర్వాత వరసలో మీరంతా రండి."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరి పెళ్లాం ఎవరి నిద్ర సంగతి బయటపెడుతుందోనని గుంపులో ఒకడి ముఖం ఒకడు చూసుకున్నాడు. దాలయ్య ఆ మెట్టు మీదనుంచి, ఆవిడ చెప్పింది నిజం, నన్నే పంపండి అన్నాడు. గుంపు కాసేపు గొణిగింది. ముందు వెనకవాళ్లు జారుకున్నారు, తర్వాత ముందున్నవాళ్లకు పనులు గుర్తొచ్చాయి.

దమయంతి ఊళ్లోనే ఉండిపోయింది. పోయిన ఉప్పు తిరిగి రాలేదు; ఆ ఏడాది తవిటమ్మ, దాలయ్య పక్కూరి మడుల్లో కూలికి వెళ్లి తిన్నారు. టీకొట్టు దగ్గర ఇప్పటికీ కొందరు, దాలయ్య అమ్ముడుపోయాడని గట్టిగా నమ్ముతారు. అతను అటుగా వెళ్తూ ఆ మాటలు వింటాడు గానీ ఆగడు. వాళ్లు అబద్ధం ఎందుకు నమ్ముతున్నారో అతనికి తెలుసు, ఒకప్పుడు ఆ తీపి తానూ తిన్నాడు.

నీతి: 'నాకు తెలియదు', 'తప్పు నాది' అనే రెండు చేదుమాటలు మింగలేనివాడికి కుట్రకథ తేనెలా ఉంటుంది, కానీ శత్రువును కల్పించుకున్నవాడు తన నట్టింటి కప్పును తానే పీకేసుకుంటాడు.