మొగలిదిబ్బలో ఆకుపచ్చ

తన పటం తప్పని ఒక మనిషి అనడం కృపావతికి మింగుడుపడలేదు.

తుపాను వెళ్లి పన్నెండు రోజులైంది. బందరు ఆఫీసులో కూర్చుని, ఉపగ్రహం తీసిన చిత్రాలతో తీరం వెంబడి అరవై రెండు ఊళ్ల పంట నష్టాన్ని ఆమె ఒక్కతే గుర్తించింది. నీట మునిగిన చేలకు ఎరుపు, నేలకొరిగిన చేలకు పసుపు, బాగున్న చేలకు ఆకుపచ్చ. పటం మర్నాడు సాయంత్రం ఐదింటికల్లా పైఅధికారికి చేరాలి. ఆకుపచ్చ పడ్డ ఊరికి పరిహారం లేనట్టే.

మొగలిదిబ్బకు ఆకుపచ్చ పడింది.

ఆ సంగతి ఎలా తెలిసిందో, ఆ ఊరి కౌలురైతు సింగారమ్మ రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చింది. "మా చేలు పోయినయ్యమ్మా. ఒక్కసారి వచ్చి చూడు" అంది.

కృపావతి కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. "మీ చేను మునగలేదు, పడలేదు. ఇదిగో, నిలబడే ఉంది."

సింగారమ్మ ఆ పచ్చరంగును కాసేపు చూసింది. "నిలబడే ఉంది తల్లీ" అని వెళ్లిపోయింది.

ఆ మాట కృపావతి మనసులో నలుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే జిలానీ మాస్టారింటికి వెళ్లింది. కాలేజీలో ఉపగ్రహ చిత్రాన్ని చదవడం నేర్పింది ఆయనే.

"మబ్బులున్నా చూడగలిగే రాడార్ అండి మాస్టారూ. మూడుసార్లు సరిచూశాను. ఒక్క గట్టు కూడా అటూ ఇటూ కాలేదు. ఏమీ తెలియని ఆవిడ వచ్చి తప్పంటే ఎలాగండీ?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి చెప్పులు తొడుక్కున్నారు. "పద."

"ఎక్కడికండీ? సాయంత్రానికల్లా పటం ఇవ్వాలి."

"మొగలిదిబ్బ గంటన్నరే."

సింగారమ్మ వాళ్లను తన వరిచేను గట్టు మీదికి తీసుకెళ్లింది. చేను పటంలో ఉన్నట్టే ఉంది. నీళ్లు నిలవలేదు. ఒక్క దుబ్బయినా ఒరగలేదు. కంకులన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. కృపావతికి ఊపిరి తేలికపడింది. "చూశారా మాస్టారూ!"

ఆయన చేను వైపు చెయ్యి చూపారు. "నీకు నచ్చిన చోట ఒక కంకి తుంచుకురా" అన్నారు.

తెచ్చింది.

"ఒక గింజను గోటితో నొక్కు."

నొక్కింది. ఏమీ రాలేదు.

"ఇంకోటి."

పొట్టు రెండుగా విడింది. లోపల ఏమీ లేదు. మూడోది, నాలుగోది, పదోది. ఆ కంకిని పారేసి, మాస్టారు చెప్పకుండానే చేలో అడ్డంగా నడిచి అవతలి మూలనుంచి ఇంకొకటి తెచ్చింది. ఆ తర్వాత పక్క చేలోంచి. వేళ్లు నొప్పెట్టేదాకా నొక్కింది.

గట్టు మీదినుంచి సింగారమ్మ అంది: "గాలివాన నాటికి పూత మీదుందమ్మా. రెండు రోజుల హోరుకి పూతంతా కడుక్కుపోయింది. ఈపాటికి గింజ పాలు పోసుకోవాల, నొక్కితే తెల్లగా కారాల. ఇంక ఇది గడ్డే."

కృపావతి తలెత్తలేకపోయింది. "ఈ పటం ఎందుకూ పనికిరాదండి. చెరిపేస్తాను" అంది.

"దాన్నెందుకంటావు?" అన్నారు మాస్టారు. "మునిగిందా అని అడిగావు, లేదంది. పడిందా అని అడిగావు, లేదంది. అబద్ధమేం చెప్పలేదే."

ఆయనే మళ్లీ, "ఇంకోటి అడుగు" అన్నారు.

కృపావతి గట్టు మీద కూలబడింది. చేనంతా ఒకసారి చూసి సింగారమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నాట్లు ఎప్పుడు పడ్డాయి?"

"మాకు ఆలస్యమే. కాలవ చివరి ఊళ్లం గదా, నీళ్లు ఆఖరున వస్తాయి. వినాయక చవితి వెళ్లిన వారానికి పడ్డయ్."

కృపావతి సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. చవితి నాటి పాత చిత్రాలు తెరిచింది. నాట్ల కోసం నీళ్లు పెట్టిన చేలు రాడార్ చిత్రంలో నల్లగా కనిపిస్తాయి. ఏ చేను ఏ వారం నల్లబడిందో చూస్తే నాట్లు ఎప్పుడో తెలుస్తుంది. అది తెలిస్తే తుపాను నాటికి పూత మీదున్నవేవో తెలుస్తాయి. కాలవ చివర చవితి తర్వాతి వారంలో నల్లబడిన ఊళ్లను లెక్కపెట్టింది. మొగలిదిబ్బతో కలిపి పద్నాలుగు. పద్నాలుగూ ఆమె పటంలో ఆకుపచ్చగా ఉన్నవే.

"పూత మీదున్నాయని ఇందులో తెలుస్తుందండి మాస్టారూ. పోయిందో, మిగిలిందో మాత్రం..." అంటూ లేచి నిలబడింది.

అప్పుడే ఫోన్ మోగింది. పైఅధికారి.

"లేదు సార్, ఇవాళ ఇవ్వలేను. పదమూడు ఊళ్లు ఇంకా చూడాలి... తెలుసు సార్. ఆలస్యానికి నా పేరే రాసుకోండి. ఎల్లుండి పొద్దున బల్లమీద ఉంటుంది."

ఫోన్ పెట్టేసి, "పక్క ఊరికి గట్టుదారి ఉందా సింగారమ్మగారూ?" అని అడిగింది. సింగారమ్మ కొంగు బిగించి ముందు నడిచింది. కృపావతి బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. వెనక మాస్టారు ప్యాంటు అంచులు పైకి మడుచుకుంటున్నారు.

మూడు ఊళ్లలో గింజ పాలు పోసుకుంది. మొగలిదిబ్బ కాక మరో పది ఊళ్లలో లేదు.

మూడోనాటి పొద్దున పైఅధికారి పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పదకొండు ఊళ్ల మీద కొత్తగా నాలుగో రంగు ఉంది.

"చిత్రంలో ఈ నష్టం ఎక్కడుందమ్మా? నాకేం కనపడట్లేదే?"

"చిత్రంలో కనపడదు సార్" అంది కృపావతి. "చేలోకి దిగాలి."

ఆయన ఆమె ముఖం వంక చూశాడు. తర్వాత సంతకం పెట్టడానికి కలం అందుకున్నాడు.