తాళ్ళ గుడిసె

వెనకటికి జావా ద్వీపంలో, కొండవాలున ఒక పల్లె ఉండేది. మెట్లుమెట్లుగా దిగే వరిమళ్ళ నడుమ సదికెం అనే ముసలమ్మ గుడిసె. మళ్ళన్నిటి మీదుగా కట్టిన తాళ్ళు ఆ గుడిసెలోకే వచ్చేవి. ఆమె లాగితే తాళ్ళకు కట్టిన వెదురుబద్దలు టపటపలాడి పిట్టలు లేచిపోయేవి. అందుకు ఊరు ఆమెకు తిండిగింజలు కొలిచేది.

వరి పాలుపోసుకునే రోజుల్లో పన్నుల అధికారి విరియ వచ్చాడు.

"ఇక్కణ్ణుంచి లోయంతా కనిపిస్తోంది. రాజధాని నుంచి వచ్చే అతిథులకు ఇక్కడ విడిది కట్టిస్తాను. ఇవాళే ఖాళీ చెయ్యి, ముసలీ."

"చిత్తం దొరా." సదికెం చాప చుట్టి, తాళ్ళ కొసలు అతని చేతిలో పెట్టింది.

"ఇవి నాకెందుకు?"

"చోటు ఎవరిదైతే కాపలా వారిదే కదా దొరా. పంటలో రాజుగారి భాగం తగ్గితే అడిగేది తమర్నే."

అంతలో పిట్టల గుంపు దిగింది. అధికారి తాళ్ళను తన వెంట వచ్చిన బంటుకిచ్చాడు. ఏ తాడు ఏ మడిదో తెలియక బంటు చిక్కులు వేశాడు. పిట్టలు గింజల పాలు పీల్చేస్తున్నాయి. అధికారి తాళ్ళు లాక్కుని తనే కూర్చున్నాడు. కింది మడిలో లేచినవి పై మడిలో వాలేవి. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఎన్నాళ్ళిలా?"

"కోతలదాకా." సదికెం చాప మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది. "లోయ ఎలా ఉంది దొరా?"

"చూడలేదు," అన్నాడు అధికారి, తాళ్ళు ఆమె చేతికిస్తూ.

ఆ ఏడు పక్కనున్న బోడిగుట్ట మీద విడిది లేచింది.