నాలుగు పేర్ల గోరింక

అనగనగా ఒక అడవిలో ఒక ముళ్లకంచె. పొలానికి వేసే కంచె కాదర్రా. దాని లోపల పంట లేదు, బయటా పంట లేదు. ఊరికే పొడుగ్గా పెరిగిన ముళ్లపొద అది. ఎవరికైనా ఏదైనా అడగాలనిపిస్తే టేకాకు మీద రాసి, ఆ కంచె ముల్లుకు గుచ్చి పోయేవారు. తెలిసినవాళ్లు వచ్చి, ఇంకో ఆకు మీద జవాబు రాసి దాని కింద గుచ్చేవారు. అందరూ దాన్ని ముచ్చట్ల కంచె అనేవారు.

ఆ కంచెకు యజమాని కోదండం అనే ఉడుము. యజమాని అంటే అతను దాన్ని నాటలేదు, నీళ్లూ పొయ్యలేదు. ఒకరోజు ఎక్కి పట్టుకున్నాడు, మళ్లీ వదల్లేదు. ఆకులు చదవడానికి వచ్చినవాళ్లు తలా ఒక పండో కాయో పెట్టి పోవాలన్నాడు. అలాగే పెట్టారు.

ఒక ఎండాకాలం కంచె బోసిపోయింది. అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు, పండ్లూ లేవు. కోదండం తల గోక్కున్నాడు. తర్వాత పిట్టల్ని పిలిచి ఉద్యోగాలిచ్చాడు. ఒక్కో ఆకు రాస్తే గుప్పెడు జొన్నలు. పని ఏమిటంటే, కంచె మీద ఎప్పుడు చూసినా నలుగురు మాట్లాడుకుంటున్నట్టు ఉండాలి.

"రాయడమంటే ఎలా పడితే అలా రాయడం కాదు," అన్నాడు కోదండం మొద్దు ఎక్కి. "మన కంచెకు కొన్ని ప్రమాణాలున్నాయి. జవాబు ఐదు వాక్యాలకు తగ్గకూడదు. అందులో సొంత అనుభవం ఒకటి ఉండాలి. చివర ఒక ప్రశ్న అడగాలి. అడక్కపోతే ముచ్చట ఆగిపోతుంది. ముచ్చట ఆగితే పండ్లు ఆగుతాయి."

"తెలియకపోతే 'తెలియదు' అని రాయొచ్చా అండీ?" అని ఒక పిచ్చుక అడిగింది.

"అది ఒక్క మాట కదా. ఐదు వాక్యాలు ఎక్కడున్నాయి?" అన్నాడు కోదండం.

"మరి కింద మా పేరే పెట్టుకోవచ్చా?"

"వద్దు. కంచె నిండా పిట్టలే అని తెలిస్తే పెద్ద జంతువులు ఎందుకొస్తాయి? తలా నాలుగు పేర్లు పెట్టుకోండి. కాస్త బరువైన పేర్లు చూసుకోండి."

పిట్టలన్నీ తలలూపాయి. జొన్నల బుట్ట అక్కడే ఉంది మరి.

ఆ పిట్టల్లో చుక్కమ్మ అనే గోరింక ఉంది. పనిలో దాన్ని మించినవాళ్లు లేరు. అది గంభీరం దున్న, కొండ కణితి, ముసలి పంది, ఏనుగు బామ్మ అని నాలుగు పేర్లు పెట్టుకుంది. కణితి అంటే పెద్ద కొమ్ముల దుప్పి. ఆ నలుగురూ కంచె మీద ఒకరి యోగక్షేమాలు ఒకరు అడిగేవారు. ఒకసారి పనసపండు తొనలు మంచివా, గింజలు మంచివా అని ముసలి పందికీ ఏనుగు బామ్మకీ పెద్ద గొడవ అయింది. అడవి రెండుగా చీలిపోయింది. చుక్కమ్మ ఒక్కతే కొమ్మ మీద కూర్చుని రెండు వైపులా రాసింది. కోదండం మురిసిపోయి, ఆకుల తనిఖీ కూడా దానికే అప్పగించాడు. ప్రమాణానికి తగ్గిన ఆకు కనపడితే పీకెయ్యాలి.

చుక్కమ్మ చెడ్డదని అనుకోకండి. చెప్పిన పని చక్కగా చేస్తే మంచిదాన్నే అనుకుంది, అంతే. అలా అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇలా ఉండగా ఒకరోజు నల్లమ్మ అనే అడవి గేదె వచ్చి ఒక ఆకు గుచ్చి పోయింది. దాని మీద ఇలా ఉంది: "ఈవైపు వాగు ఎండిపోయింది. నా దూడకు నీళ్లు లేవు. ఎండిన చెరువుకు అడ్డంగా నడిస్తే అవతల మడుగు ఉంది. చుట్టూ తిరిగి పోతే పగలంతా పడుతుంది, దూడ అంత నడవలేదు. చెరువులో నేల గట్టిగా ఉందా?"

చుక్కమ్మకు సంతోషం వేసింది. ఎందుకంటే అది ముందురోజే పురుగుల కోసం ఆ చెరువుకు వెళ్లింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడిచింది. నేల అప్పడంలా ఎండి ఉంది. రోజూ అనుభవాలు కల్పించి రాసే గోరింకకు ఆ రోజు నిజమైన అనుభవం దొరికింది. వెంటనే ఆకు తీసి రాసింది:

"నల్లమ్మా, నీ బాధ చదివి కళ్లు చెమర్చాయి. ఈసారి ఎండలు మామూలుగా లేవు. నిన్ననే నేను ఆ చెరువులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచాను. నేల గట్టిగా ఉంది, కాలు ఇంత కూడా దిగలేదు. ఇంతకీ మీ దూడ పేరేమిటి? ఇట్లు, గంభీరం దున్న."

దాని కింద కొండ కణితి అవునంది. ముసలి పంది నిజమేనంది. ఏనుగు బామ్మ, మా మందంతా ఆ దారినే పోయామంది. చుక్కమ్మ ముక్కు తుడుచుకుని జొన్నలు తీసుకుంది.

సాయంత్రానికి ఇంకో ఆకు వచ్చింది. ఆ చెరువులోనే పుట్టి పెరిగిన తాబేలు తాత సంగతి విని ఎవరితోనో పంపించాడు. "వద్దు. పైన పొర, కింద ఊబి." అంతే ఉంది.

చుక్కమ్మ దాన్ని చదివింది. మళ్లీ చదివింది. ఆకు పట్టుకుని కోదండం దగ్గరికి వెళ్లింది.

"కోదండం గారూ, ఈ ఆకు ప్రమాణానికి తగ్గింది. కానీ రాసింది చెరువులో ఉండే తాతండీ."

"వాక్యాలెన్ని?"

"రెండండీ."

"అనుభవం?"

"లేదండీ."

"ప్రశ్న?"

"అదీ లేదండీ."

"పైగా నలుగురు ఒక మాట మీద ఉంటే మధ్యలో వచ్చి వద్దంటాడా?" అన్నాడు కోదండం.

"ఆ నలుగురూ నేనే కదండీ," అంది చుక్కమ్మ నెమ్మదిగా.

"అందుకే చెప్తున్నా. మనవాళ్ల మాట మనమే తీసేస్తామా? చూడమ్మాయ్, మనం నడిపేది కంచె. చెరువు కాదు."

చుక్కమ్మ కంచె దగ్గరికి తిరిగి వచ్చింది. ఆ ఆకును మళ్లీ ముల్లుకు గుచ్చొచ్చు. కింద పడెయ్యొచ్చు. ఎవరూ దాన్ని చూడటం లేదు. కాసేపు అటూ ఇటూ చూసి, ఆకు కింద పడేసింది.

మర్నాడు పొద్దున్నే నల్లమ్మ దూడను వెంటబెట్టుకుని వచ్చింది. ఉన్న ఆకులన్నీ శ్రద్ధగా చదివింది. "అందరూ ఎంత మంచివాళ్లో," అనుకుంది. గిట్టతో గీసి, "మా దూడ పేరు గుండు" అని జవాబు గుచ్చింది. రెండు వెలగపండ్లు పెట్టి, చెరువు వైపు నడిచింది.

అది అలా వెళ్లిందో లేదో తాబేలు తాత వచ్చాడు. రాత్రంతా నడిచినట్టున్నాడు, డిప్పంతా దుమ్ము.

"నా ఆకు ఏదమ్మా?" అన్నాడు.

"కొలతకు రాలేదు తాతా. తీసేశాను."

"ఆకు కొలత చూశావు, బాగానే ఉంది. ఊబి కొలత చూశావా? పోయిన వేసవిలో ఒక కణితి దిగింది. కొమ్ములు కూడా పైకి మిగల్లేదు."

"నేను నడిచాను కదా తాతా! నా కాలు దిగలేదు!" అంది చుక్కమ్మ.

"నీ బరువెంత తల్లీ?" అన్నాడు తాత.

చుక్కమ్మ ఇక అక్కడ ఆగలేదు. రెక్కలు ఊడిపోతాయేమో అన్నట్టు ఎగిరింది. చెరువు గట్టు మీద నల్లమ్మ, గుండు దిగబోతూ కనిపించాయి.

"ఆగమ్మా! దిగొద్దు! కింద ఊబి!" అని అరిచింది.

నల్లమ్మ తలెత్తి చూసింది. "పిట్టవు, నీకేం తెలుసమ్మా మా నడక సంగతి? గంభీరం దున్న గారు మొన్ననే ఇటు నడిచారట. కాలు ఇంత కూడా దిగలేదట."

"ఆ దున్న నేనే!"

నల్లమ్మ దాన్ని కిందికీ పైకీ చూసింది. గుప్పెడంత గోరింక. "ఎండ బాగా తగిలినట్టుంది నీకు," అంది జాలిగా. "కొండ కణితి గారూ అదే చెప్పారు."

"అదీ నేనే!"

"ముసలి పంది గారు? ఏనుగు బామ్మ గారు?"

"అందరూ నేనేనమ్మా! నేనే రాశాను! జొన్నల కోసం రాశాను!"

"తప్పమ్మా. పెద్దవాళ్ల పేర్లు పెట్టుకుని అలా అనకూడదు," అంది నల్లమ్మ.

ఈ మాటల మధ్యలోనే గుండుకు అవతలి మడుగు వాసన తగిలింది. పాపం, దాహంతో ఉన్న దూడ. తోక ఎత్తుకుని చెరువులోకి పరుగు తీసింది. కాస్త దూరం నేల ఆగింది. తర్వాత పొర పగిలింది. గుండు పొట్ట దాకా దిగిపోయి "అమ్మా" అని అరిచింది.

నల్లమ్మ ఉరకబోయింది. "నువ్వు దిగితే ఇద్దరూ పోతారు!" అని చుక్కమ్మ దాని ముఖం మీదికి ఎగిరింది. ఈసారి నల్లమ్మ నమ్మింది. గట్టు మీదే నిలబడి బిడ్డను చూస్తూ అరిచింది. ఆ అరుపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చుక్కమ్మ కంచె దగ్గరికి ఎగిరింది. "దూడ ఊబిలో దిగింది. రండి." అని రాసి గుచ్చింది. అది గుచ్చిందో లేదో, పిచ్చుక వచ్చి ఎర్ర చిరుత పేరుతో జవాబు గుచ్చింది. "ఈ సంగతి విని చాలా విచారించాను. బురద గురించి మంచి ముచ్చట ఎత్తారు. నేనూ చిన్నప్పుడు ఒకసారి బురదలో పడ్డాను. అయినా అంతా మన మంచికే జరుగుతుంది. మీకు నల్ల బురద ఇష్టమా, ఎర్ర బురద ఇష్టమా?" అని ఉంది. చూస్తుండగానే చుట్టూ గుంపు చేరింది. వాళ్లలో ఒక ఏనుగు కూడా ఉంది. నిజం ఏనుగే.

"ఎర్ర బురదే మేలు," అంది ఏనుగు ఆలోచిస్తూ.

చుక్కమ్మ దాని తొండం మీద వాలింది. "ముచ్చట కాదు బామ్మా! నిజంగా దిగింది! నేను గోరింకను, నా పేరు చుక్కమ్మ, నా కళ్లతో చూసి వస్తున్నాను! రా, నీ కాళ్లు పట్టుకుంటాను!" అని ఏడ్చింది.

ఏనుగు ఆకు వైపు చూడటం మానేసి, దాని ముఖం వైపు చూసింది. మారు మాట్లాడకుండా నడక మొదలుపెట్టింది. దాని మంద దాని వెనకే కదిలింది.

ఏనుగు వీపు మీద కూర్చుని వచ్చిన తాబేలు తాత గట్టి నేల ఎక్కడుందో చూపించాడు. ఏనుగులు దుంగలు తెచ్చి పరిచాయి. తొండంతో దూడను చుట్టి లాగాయి. పొద్దు వాలే వేళకు గుండు బయటికి వచ్చింది. బతికింది. కానీ లాగడంలో ముందు కాలు ఒకటి మెలిపడింది. ఆ కాలు మళ్లీ తిన్నగా కాలేదు.

అప్పుడే కోదండం అక్కడికి వచ్చాడు. గుంపును చూశాడు. "అందరూ ఇక్కడే ఉంటే, కంచె దగ్గర ఎవరున్నారు?" అని అడిగాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

నల్లమ్మ దూడ ఒంటి మీది బురద నాకుతోంది. చుక్కమ్మ దాని ముందు నేల మీద వాలింది. "తొక్కెయ్యమ్మా నన్ను," అంది.

నల్లమ్మ తొక్కలేదు, తిట్టలేదు. "ఒక మాట అడుగుతాను చెప్పు. కంచె మీద కాకుండా, నిన్నే ఎదురుగా పెట్టుకుని అడిగి ఉంటే ఏం చెప్పేదానివి?"

చుక్కమ్మ తల వంచుకుంది. "నేను పిట్టను, నా బరువుకు ఆగింది, నీ బరువుకు ఆగుతుందో లేదో నాకు తెలియదు అనేదాన్ని."

"ఆ మాట చాలు కదమ్మా నాకు," అంది నల్లమ్మ. "చుట్టూ తిరిగి పోయేదాన్ని. నా బిడ్డ నాలుగు కాళ్లతో నడిచేవాడు."

నీతి: నమ్మి అడిగినవాళ్లకు నీ పేరుతో, నీకు తెలిసినంతే చెప్పు; తెలియకపోతే తెలియదని చెప్పు.